ముక్కున ఈక ఉన్న పెట్ట

నాంచారమ్మ ఏ ప్రశ్నకూ నేరుగా జవాబు చెప్పేది కాదు. ముందు ఏదో ఒక పని చెప్పేది. ముప్పై ఏళ్ళు నాపరాళ్ళ గనిలో రాళ్ళు మోసి, ఆ తర్వాతే నలుగురికి నాలుగు మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టిన మనిషి. ఊరికే కూర్చుని అడిగే ప్రశ్నలంటే ఆమెకు ఒళ్ళుమంట.

ఆమె శిష్యుల్లో తాపీ మేస్త్రీ కోటిలింగం ఒకడు. ఆ రోజు వస్తూనే, "అమ్మా, మనిషిలోంచి దుఃఖాన్ని బయటికి లాగే దారేది?" అని అడిగాడు.

ఎవరి దుఃఖమో ఆమెకు తెలుసు. అతని చెల్లెలు ఆదెమ్మ మొగుడు గనిలో తనమీద రాయి పడి చనిపోయాడు. నెల రోజులుగా ఆ పిల్ల అన్న ఇంట్లో, వడ్ల గది మూలన కూర్చుని ఉంది. పలకదు, ముద్ద ముట్టదు. గాలి సోకిందని చుట్టాలు తేల్చేశారు. మర్నాడు భూతవైద్యుణ్ణి పిలుస్తున్నారు. వాడు వేపమండలతో కొడతాడు, మిరపకాయల పొగ పెడతాడు. ఏడ్చేవాళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళు దొరకరు గాని, కొట్టేవాళ్ళకు ఈ లోకంలో ఎన్నడూ కొదవ లేదు. సరేననాలో వద్దనాలో తేలక కోటిలింగం వచ్చాడు.

"దొడ్లో పగిలిన బాన ఉంది, ఇట్లా దొర్లించుకురా. సొరపాదు పెట్టాలి" అంది నాంచారమ్మ.

బాన తాటాకుల కుప్ప వెనక పక్కకు ఒరిగి ఉంది. ఆకులు లాగేసి, అంచు పట్టుకుందామని లోపలికి చెయ్యి పెట్టాడు. వేలు చురుక్కుమంది. రక్తం వచ్చింది. వంగి చూస్తే నాంచారమ్మ పెంచుకునే నల్లపెట్ట, ఒళ్ళంతా ఉబ్బించుకుని గుర్రుమంటోంది. దాని ముక్కుకు అడ్డంగా ఈక ఉంది.

ఆ ఈక గుచ్చింది అతనే. రెండు నెలల కిందట ఆ పెట్ట గుడ్లు మానేసి, పొదగాలని ఖాళీ గంపలో కూర్చుంటే, అందరూ చేసేదే తనూ చేశాడు. తొట్టినీళ్ళలో మూడుసార్లు ముంచి, ముక్కులో ఈక గుచ్చి వదిలాడు. పొదగడం మరిచిపోతే మళ్ళీ గుడ్లు పెడుతుందని. పెట్టింది కూడా, ఎవరి కంటా పడని చోట. ఇరవై రోజులుగా అది కనబడకపోతే, ముంగిస ఎత్తుకుపోయి ఉంటుందని నాంచారమ్మకు చెప్పిందీ అతనే.

పెట్ట ఎముకలు తేలి ఉంది. నెత్తిమీది జుట్టు పాలిపోయింది.

"ఇట్లాగే వదిలేస్తే చచ్చిపోద్దమ్మా. బయటికి లాగుతా" అన్నాడు.

"ఒకసారి లాగావుగా" అంది నాంచారమ్మ. "ముక్కుకి అందేంత దూరంలో గుప్పెడు నూకలు పెట్టు. చిప్పలో నీళ్ళు పెట్టు. పెట్టి ఇవతలికి రా."

అతను అట్లాగే చేశాడు. రెండో వేలూ పొడిపించుకుని, ఆ ఈకను మెల్లగా ఊడదీశాడు. తర్వాత దొడ్డిగోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి పెట్ట మెడ చాచి ఒక్కో నూకా ఏరుకుంది. దాని రెక్క కింద సన్నగా కిచకిచమంది. కోటిలింగం లేచి చేతులు దులుపుకున్నాడు. తన ప్రశ్న మళ్ళీ అడగలేదు.

ఇంటికి పోయి, భూతవైద్యుడు గడప తొక్కడానికి వీల్లేదన్నాడు. గోడలు కట్టుకునేవాడివి, గాలీధూళీ సంగతి నీకేం తెలుసురా అని మేనమామ ఎద్దేవా చేశాడు. కోటిలింగం వడ్ల గది గడప దగ్గర అన్నం కంచం, నీళ్ళ చెంబు పెట్టి ఇవతలికి వచ్చాడు. పూటపూటా అదే పని.

పదకొండో రోజు నాంచారమ్మ దగ్గరికి పరుగున వచ్చాడు.

"ఆదెమ్మ బయటికొచ్చిందమ్మా. వాకిట్లో ఎండకి కూర్చుంది. మజ్జిగలో మిరపకాయ నలిపి ఇవ్వన్నా అని అడిగింది" అన్నాడు. అంతలోనే భయం పట్టుకుంది. "మళ్ళీ ఆ గదిలోకే పోతే?"

నాంచారమ్మ తన వాకిలివైపు చూసింది. వాకిట్లో నల్లపెట్ట ఏడు పిల్లల్నేసుకుని చెత్త గీరుతోంది. అది చూసి కోటిలింగం దొడ్డివైపు కదిలాడు. బాన ఖాళీ అయింది గదా, ఇప్పుడు దొర్లించుకురానా అన్నాడు.

"అక్కడే ఉండనీ, పెట్టకి మళ్ళీ కావాల్సొస్తుందేమో" అంది నాంచారమ్మ. "సొరపాదు నేలలో పెట్టేశాను."