వరాలు తవ్వని వెనక కంత

కాలవకీ వరిచేనుకీ మధ్యనున్న ఆ గట్టు నిండా ఎలుకల కలుగులే. ప్రతి కలుక్కీ రెండు దారులుండాలని అక్కడి ఆచారం. ముందు గుమ్మం అందరికీ కనపడేది. వెనక కంత ఎవరికీ కనపడనిది. దాన్ని లోపల్నుంచి తవ్వుకుంటూ పోయి, పైన పల్చటి మట్టిపొర ఒక్కటి వదిలేస్తారు. నక్క ముందునుంచి తవ్వుకొస్తే, ఆ పొరని తలతో ఒక్క పోటు పొడిచి బయటపడటమే. ఆ కంత తవ్వడం మగాళ్ళ పనని కూడా ఆచారమే. ఆచారాలు పెట్టినవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కలుగులో కూచునేవాళ్ళు కారు మరి.

వరాలు కలుక్కి వెనక కంత లేదు.

కాలవలో నీళ్ళున్నంత కాలం దిగుల్లేదు. నక్క అవతలి గట్టున, ఎలుకలు ఇవతలి గట్టున. ఎండాకాలం దాళ్వా పంట కోతలయ్యాక కాలవకి నీళ్ళు కట్టేస్తారు. నీళ్ళు తీసిన రోజు నక్క నడిచి వచ్చేస్తుంది. ఇది ప్రతి ఎలుకపిల్లకీ తెలిసిన సంగతే. వరాలుకి మరీ బాగా తెలుసు, ఎందుకంటే కడుపుతో ఉంది.

"ఏవయ్యా, ఆ కంత సంగతి చూస్తావా?" అని మొగుణ్ణి అడిగింది.

పేరయ్య మీసాలు దువ్వుకున్నాడు. "నేనుండగా నీకెందుకే కంత గొడవ? కోతలు కానీ. ఒక్క పూటలో తవ్వి పారేస్తా."

పేరయ్య నోటితో తవ్విన కంతలన్నీ నిజమైతే ఆ గట్టు ఎప్పుడో కూలిపోయేది.

"పోనీ నేను తవ్వనా?"

మూలనుంచి అత్త దగ్గింది. "మా ఇంటా వంటా లేదమ్మా, కోడళ్ళు కంతలు తవ్వడం. సంసారం చేసుకునేదానికి వెనకదారి ఎందుకే? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

ఇక్కడితో ఆపేసి, తప్పంతా మొగుడిమీదా అత్తమీదా వేసేస్తే కథ సులువుగా తేలిపోతుంది. కానీ ఈ ఇద్దరికీ తెలియనిది ఒకటుంది. అంతకుముందు వానాకాలపు సార్వా పంట కోతలప్పుడు, ఇంట్లో ఎవరూ లేనపుడు, వరాలు వెనక మూల ఆ కంత తవ్వడం మొదలుపెట్టింది. మూరెడు దూరం పోయాక తుమ్మవేరు అడ్డం వచ్చింది. వేరుకి తగిలి గోరు ఊడింది. నెత్తురు చూసుకుని, గడ్డితో ఆ గుంట పూడ్చి వచ్చేసింది. అప్పట్నుంచీ ఆ మూల గుర్తొస్తే చాలు, గోరు ఊడిన వేలు సలిపేది. సలిపినప్పుడల్లా లేచి వడ్లు ఏరుకునేది. ఏరుకుంటుంటే సలుపు తగ్గేది. తగ్గాక, ఇవాళ్టికి పొద్దు పోయిందిగా, రేపు చూద్దాం అనిపించేది.

ఇంట్లో పనికి లోటా? ఆడది తన పని తప్పించుకోవాలనుకుంటే పరాయివాళ్ళ పనులు కావలసినన్ని దొరుకుతాయి. పైగా మెచ్చుకుంటారు కూడా.

పక్క కలుగులో సూరమ్మ అని పందికొక్కు ఉండేది. ఒంటరిది. నోరు పెద్దది, పంజా అంతకన్నా పెద్దది.

"ఏమే, ఇంకా ఎన్ని వడ్లు పేరుస్తావు?" అందో రోజు. "తా దూర కంత లేదు, మెడకో డోలు అని నిన్ను చూసే అన్నారే."

"తవ్వుతా అక్కా. తవ్వితే బాగా తవ్వాలిగా. నీకైతే పెద్ద పంజాలున్నాయి. నేను తవ్వితే వంకరపోతుంది."

"పోనీ. దాంట్లో పల్లకీ ఊరేగిస్తావా?"

వరాలు నవ్వింది. నవ్వితే విషయం మారుతుందనుకుంది. సూరమ్మ మార్చనివ్వలేదు.

"విను. రోజూ కలుగు వెనక మూలకి పోయి గుప్పెడు మట్టి లాగు. ఇంకా లాగాలనిపించినా లాగకు. వచ్చేయ్."

"గుప్పెడుతో ఏం తెగుతుంది?"

"మట్టి తెగదు. నీ భయం తెగుతుంది. ముందు అది తెగాలి."

ఆ సాయంత్రం వరాలు నిజంగానే ఆ మూలకి వెళ్ళింది. గడ్డి లాగింది. వేరు కనపడింది. నల్లగా, తన కోసమే కాచుకుని ఉన్నట్టు. అప్పుడే అత్తకి దాహమేసింది. నిజంగా వేసిందో, వరాలుకే అలా వినపడిందో. గడ్డి మళ్ళీ కుక్కి నీళ్ళు ఇవ్వడానికి వచ్చింది, మళ్ళీ పోలేదు.

మర్నాడు కాలవ ఒడ్డున నీళ్ళు తాగుతుంటే, అవతలి గట్టు మీదనుంచి నక్క పలకరించింది. నక్కకి ఊళ్ళో పశువులపాకల వెనక నక్కి విన్న పంచాంగం కొంత వచ్చు.

"ఏమ్మాయీ, మొహం వేలాడేశావు?"

"ఏం లేదు బాబాయ్. కంత తవ్వాలి."

"తప్పకుండా తవ్వాలి. ఎప్పుడు మొదలెడతావు?"

"ఇవాళే అనుకుంటున్నా."

"ఇవాళ మంగళవారం."

"రేపు?"

"రేపు అమావాస్య. ఆపైన మూఢం. కడుపుతో ఉన్నదానివి, మూఢంలో మట్టి కదిపితే..." నక్క నాలుక కరుచుకుంది. "నాకెందుకులే. నేను శత్రువుని. నా మాట నీకు చేదు."

"అలా అనకు బాబాయ్. తెలిసినవాడివి, చెప్పు."

"మూఢం వెళ్ళేసరికి కాలవ కట్టేస్తారు. మట్టి ఆరి గుల్లబారుతుంది. గోళ్ళకి శ్రమ లేదు. ఇప్పుడు తవ్వావంటే నీరూరి పిల్లలు నానిపోతారు. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు."

ఇంటికి వస్తుంటే వరాలు ఒళ్ళు దూదిలా తేలిపోయింది. చాలా రోజులకి కడుపునిండా తింది.

ఎలుక నక్క మాట నమ్ముతుందా అని అడుగుతారు. నమ్మదు. తనకి కావలసిన మాట ఆ పూట నక్క నోట్లో ఉంది, అందుకని అక్కడికి పోయి తెచ్చుకుంది.

సూరమ్మ విని నెత్తి కొట్టుకుంది. "నల్లరేగడి ఆరితే గుల్లబారుతుందా? పళ్ళు రాలగొడుతుంది. అయినా కాలవ కట్టేశాక నువ్వు తవ్వుతుంటే, అవతలివాడు ముహూర్తం చూసుకుంటూ కూచుంటాడా?"

"మూఢం అక్కా."

"పుట్టబోయే పిల్లలు మూఢం చూసుకుని ఆగుతారేమో కనుక్కో."

పిల్లలు ఆగలేదు. మూఢంలోనే పుట్టారు. గులాబిరంగు ముద్దలు, కళ్ళు తెరవలేదు. వరాలుకి ఇంకో పని తగిలింది, ఈసారి ఎవరూ కాదనలేని పని. పాలిచ్చేటపుడు ఆ మూలకేసి వీపు పెట్టి కూచునేది. పిల్లలు నిద్రపోయాక పోదాం అనుకునేది. వాళ్ళతోపాటు తనూ నిద్రపోయేది. అందుకు ఆమెని తప్పుపట్టే అర్హత ఎవరికుంది? తెల్లారి లేచాక తనని తనే తప్పుపట్టుకునేది, పట్టుకుని పట్టుకుని అలిసిపోయేది. తవ్వడానికి దాచుకోవలసిన బలం ఆ తిట్లకే సరిపోయేది.

కోతలయ్యాయి. కాలవ కట్టేశారు. పొద్దున మోకాలిలోతు ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి అక్కడో మడుగు, ఇక్కడో మడుగు అయ్యాయి.

"నీళ్ళు తీశాయే," అంది సూరమ్మ గుమ్మంలోంచి. "ఇప్పటికైనా పో. నేనూ వస్తా."

"వద్దక్కా, నేనే చేస్తా. కళ్ళంలో రాలిన వడ్లు పేరయ్య తెచ్చి గుమ్మంలో పోశాడు. ఇవి లోపలికి చేర్చి మొదలుపెడతా."

పేరయ్య ఇంకా తెస్తానని మళ్ళీ కళ్ళానికి పోయాడు. వరాలు వడ్లు చేర్చింది. పొల్లు వేరుచేసింది. చేరేసరికి పొద్దు వాలింది.

గుమ్మం దగ్గర మట్టి కదిలింది.

"అమ్మాయీ," అంది బయటనుంచి నక్క, ఎంతో మర్యాదగా. "మూఢం వెళ్ళింది. ఇవాళ దివ్యమైన రోజు."

పంజా పడింది. గుమ్మం సగం ఊడిపడింది. వరాలు పిల్లల్ని పొట్టకిందకి లాక్కుంది. అత్త లేచి, ఏనాడూ లేనంత చురుగ్గా దారికి అడ్డంగా పోయి కూచుంది.

"వెనక మూలకి పోయి తవ్వు."

"అత్తా, నువ్వు?"

"నేనూ అడిగానే, మీ మావని. పేరయ్యని కనేసరికి తవ్వేస్తానన్నాడు. కన్నాక చూద్దాంలే అన్నాడు. మళ్ళీ అడగలేదు. అడక్కపోవడమే గొప్పనుకున్నా. నీకూ అదే నేర్పా. పోవే."

వరాలు గడ్డి పీకి అవతల పారేసి తవ్వింది. వేరు తగిలింది. కొరికింది. ఇన్నాళ్ళూ కలలోకి వచ్చి భయపెట్టిన వేరు తన తోకంత లావు లేదు. పుల్లలా విరిగింది. దాని వెనక మట్టి ఆరనైనా లేదు. కాలవ చెమ్మకి మెత్తగా ఉంది. చేతికందినకాడికి లాగింది, తలతో పొడిచింది, వెలుతురు మొహాన కొట్టింది.

అంతే. అయిపోయింది. దోసెడు వడ్లు ఒలిచినంత సేపు కూడా పట్టలేదు.

వెనక్కి పరిగెత్తింది. అందిన పిల్లని నోట కరుచుకుని తెచ్చి బయట గడ్డిలో పెట్టింది. రెండోసారి వెళ్ళేసరికి అత్త లేదు. పిల్లలున్న చోట నక్క మూతి ఉంది.

సూరమ్మ ఆమెని తోక పట్టి కంతలోంచి బయటికి లాగి, గడ్డిలో పిల్లతో సహా తన కలుగులోకి లాక్కుపోయింది. నక్క గట్టుమీద కూచుని మూతి తుడుచుకుంది.

"ఏడవకమ్మాయీ. నేను ఆగమన్నాను, నిజమే. ఆగింది నువ్వు కదా."

సూరమ్మ దాన్ని నానా తిట్లూ తిట్టింది. వరాలు మిగిలిన పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది. అబద్ధాలకోరు నోటినుంచి వచ్చిన ఒక్క నిజం అది.

పేరయ్య బుగ్గలనిండా వడ్లతో వచ్చాడు. కూలిన గుమ్మం చూశాడు. వడ్లు నేలమీద పడిపోయాయి.

"రేపు తవ్వుదామనే అనుకున్నానే," అన్నాడు.

"నేనూ రేపే అనుకున్నానయ్యా," అంది వరాలు. అంతకుమించి ఏమీ తిట్టలేదు. తిడితే బావుండునని పేరయ్యకి అనిపించింది.

మిగిలిన కూన తల్లి పొట్టలో మొహం దాచుకుని పాలు తాగుతోంది. దానికింకా కళ్ళు రాలేదు. నిన్నటిదాకా తన చుట్టూ ఉన్న వెచ్చదనం ఏమైందో వెతుక్కుంటూ మధ్యమధ్యలో కాళ్ళు ఆడిస్తోంది.

తెల్లారకముందే వరాలు కొత్త కలుక్కి చోటు చూసుకుంది. ముందు వెనక కంత తవ్వింది. వంకరపోయింది. పోనిచ్చింది. మధ్యలో ఆ గోరు ఊడిన వేలు సలిపింది, సలుపుతుండగానే ఇంకో గుప్పెడు లాగింది. అదేమీ మహా ధైర్యం కాదు. చెయ్యి ఆగితే నిన్నటి పిల్లలు గుర్తొస్తున్నారు, అందుకని ఆపలేదు.

"గుమ్మం లేకుండా దొడ్డిదారా? చోద్యం," అని గట్టుమీద కొందరు నవ్వారు. నాలుగిళ్ళలో కోడళ్ళు మాత్రం నవ్వలేదు. చాటుగా వచ్చి చూసి పోయారు. ఒకామె వేలిమీద మట్టి చూసుకుంటూ అడిగింది: "వదినా, ఇది తవ్వడానికి ఎంత సేపు పడుతుంది?"

వరాలు గోళ్ళ మట్టి దులుపుకుంది. ఎంత సేపో ఆమెకి బాగా తెలుసు. దోసెడు వడ్లు ఒలిచినంత సేపు.

చేసేస్తే కాసేపట్లో తీరే పనే, రేపటికి తోస్తే జన్మంతా ఏడిపిస్తుంది.