శరభన్న వదిలిన కొసలు

రుద్రప్పస్వామిని ఏదైనా అడిగితే నోటితో బదులు రాదు. ఎక్కడికో పంపిస్తారు. అక్కడ ఏదో జరుగుతుంది, అదే బదులు. ఈ అలవాటు ఎరిగిన శిష్యులు ఆయన్ను ప్రశ్న అడగడానికి కొంచెం జంకుతారు. సోమలింగానికి జంకేంత తీరిక లేదు. సొంత మగ్గం అమ్ముకుని, నేత కూలి కోసం వీధి వీధీ తిరిగి అలిసిపోయినవాడు. అతని భార్య బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోయింది. ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది. పేరుమోసిన నేతగాడు శరభన్న చనిపోయాక, మూలపడిన ఆయన మగ్గం మీద నెయ్యడానికి ఆయన భార్య చౌడమ్మ సోమలింగాన్ని రమ్మంది. సోమలింగం ఆ సంతోషంలో భార్యకు కబురు పంపాడు. రేపు ఆమె బస్సు దిగుతుంది. రేపే అతను ఆ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేతకు కూర్చోవాలి.

"సామీ, శరభన్న కూర్చున్న చోట నేను కూర్చోవాల. తలుచుకుంటేనే భయమైతాంది. ఎట్లా సిద్ధం కావాల?" అని అడిగాడు.

"పొయ్యి ఆ మగ్గం ముందర ఊరికే కాసేపు కూర్చోప్పా," అన్నారు స్వామి.

సోమలింగం వెళ్లాడు. చౌడమ్మ తలుపు తీసి, "చూసుకుంటాండు నాయనా, సంతకు పోయొస్తా," అని వెళ్లింది. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. తీసి చూస్తే, శరభన్న నేసిన ఆఖరి చీర పడుగు కొసలు, అంటే నిలువు పోగుల చివర్లు, దువ్వెన లాంటి అచ్చులో గుత్తులు గుత్తులుగా ముడివేసి ఉన్నాయి. చీర కోసుకున్నాక నేతగాళ్లు ఆ కొసల్ని తియ్యరు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. పాత కొస పట్టి లాగితే దాని వెంట కొత్త పోగు అచ్చు దాటి వస్తుంది. ఇది సోమలింగానికి తెలియని సంగతి కాదు.

కానీ ఊరికే కూర్చోవడం అతనివల్ల కాలేదు. కూర్చుంటే చాలు, వీధిలో వాళ్ల మాటలే చెవిలో మెదిలాయి: "శరభన్న మగ్గమా? చూస్తాంలే." ఆయన పోగు ఒక్కటి మిగిలినా, బట్ట బాగా వస్తే ఆయన చలవ అంటారు, చెడితే తన చేతకానితనం అంటారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పెద్దలు ఊరికే అన్లేదు. సిద్ధపడడమంటే మనకు తెలిసింది ఒకటే, కడగడం, తుడవడం, పాతదాన్ని పారెయ్యడం. అతను అవన్నీ చేశాడు. గుంత ఊడ్చాడు, బూజు దులిపాడు, కత్తి తెచ్చి కొసలన్నీ కోసి అచ్చు ఖాళీ చేశాడు. ఎంత కష్టమైనా పోగులన్నీ మొదటినుంచి తానే ఎక్కించుకోవచ్చనుకున్నాడు. బోసిగా ఉన్న ఆ మగ్గాన్ని చూసి, పాపం, నిజంగానే సంతోషపడ్డాడు.

చౌడమ్మ వచ్చింది. చేతిలో సంచి గడపలోనే జారిపోయింది. నేల మీద కూలబడి, దుమ్ములో కలిసిన పోగుల్ని ఏరి కొంగులో వేసుకోసాగింది.

"ఆయప్ప ఆఖరుగా ముడేసిన కొసలు నాయనా ఇవి," అంది. "వచ్చేటోళ్లు అతుక్కుంటారని, ఎలకలు కొరక్కుండా కాపాడుకుంటా వస్తి. నీ నుంచి కాపాడుకోలేకపోతి."

కొంగు ముడి వేసుకుని లేచాక ఆమె, "రేపు రావద్దులే," అని లోపలికి పోయింది.

పొద్దు వాలేవేళకు అతను స్వామి అరుగు ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. రేపు బస్సు దిగే మనిషికి ఏ ముఖం చూపించాలో, ఆమెను ఏ భరోసాతో ఇంటికి తీసుకుపోవాలో అతనికి తెలియడం లేదు. ప్రాణం ఉన్నా ఒకటే, పోయినా ఒకటే అనిపించింది. జరిగిందంతా ఎలాగో చెప్పుకున్నాడు.

"మళ్లా పొయ్యి ఆయమ్మ కాళ్ల మీద పడతా సామీ. క్షమించదా?"

స్వామి అతని తల మీద చెయ్యి వేశారు.

"క్షమిస్తుందిలేప్పా. పనిలోకి మళ్లా రమ్మంటుంది గూడా," అన్నారు. "పొయ్యి, నీ కొత్త పోగును దేనికి అతుకుతావు?"