జాకీ దింపిన తరవాత

రండి, ముందుకి జరగండి. ఆ గోడకి చేరగిలబడ్డవాళ్ళు కూడా ఇటు వచ్చేయండి, ఫ్యాను గాలి ఇక్కడికీ తగులుతుంది. ప్రసాదం చివర్లో పెడతారు, ఎక్కడికీ పోదు. ఇవాళ మా ఆచార్యులవారి సంగతి ఒకటి చెబుతాను. పురాణంలోది కాదు. మన విశాఖపట్నంలోనే, కొండవాలు వీధిలో, ఒక ఇంటి పోర్టికోలో జరిగింది. నేను గుమ్మం పక్కన నిలబడి కళ్ళారా చూశాను. భగవంతుడు ఏ నోట ఏ మాట పలికిస్తాడో ఆ రోజు నాకు తెలిసింది.

పరాంకుశాచార్యులవారిని ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. ఆదివారం ఉదయం ఆయన గోష్ఠి జరిగేది. చదివి అర్థం చెప్పడంలో ఆయనకి సాటి లేరు గాని, ఎవరైనా తమ కష్టం చెప్పుకుని ఉపాయం అడిగితే మాత్రం సూటిగా జవాబు చెప్పేవారు కారు. "నీకు బాగా చేతనైన పని ఏమిటి?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. ఆ పని తన ఎదట చేయించేవారు. ఒకావిడ ఓర్పు ఎలా వస్తుందని అడిగితే ఆవిడ చేత చిక్కుపడ్డ పట్టుదారం విప్పించారు. సగం చిక్కు విడేసరికి ఆవిడే, "ఇంక చాలు స్వామీ, తెలిసింది" అని దణ్ణం పెట్టి లేచిపోయింది. ఏం తెలిసిందో మాకెవరికీ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఆ గోష్ఠికి భుజంగరావు అని ఒకాయన వచ్చేవాడు. రేవులో మంచి ఉద్యోగం, గట్టి మనిషి, మాట నిక్కచ్చి. ఒక్కటే లోపం, తాగుడు. ఇది నేను ఆయన చాటున చెప్పడం లేదు. చెప్పమన్నది ఆయనే. ఎంతమందికి తెలిస్తే అంత మంచిదంటాడు. ఎందుకంటాడో చివరికి మీకే తెలుస్తుంది.

ఒక ఆదివారం గోష్ఠి అయ్యాక నలుగురైదుగురం మిగిలాం. భుజంగరావు ఆచార్యులవారి పాదాల దగ్గర కూర్చుని తల ఎత్తకుండా అన్నాడు: "స్వామీ, ఇక్కడ కూర్చుని మీ మాట వింటున్నంతసేపూ మనసు ఎక్కడికో లేస్తుంది. ఇంక ముట్టనని ఒట్టు పెట్టుకుంటాను. నిజంగానే పెట్టుకుంటాను. వారం తిరిగేసరికి కింద పడి ఉంటాను. మీ మాటలో లోపం ఉండదు కదా. మరి నాలో పట్టుదల లేదా? ఇంట్లో ఆవిడ ఇన్నాళ్ళూ మంచం కింద ఉంచిన సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టింది. ఇంకొక్కసారి జరిగితే విజయనగరంలో వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతానంది. అన్నమాట తప్పే మనిషి కాదు స్వామీ ఆవిడ. ఆ గుణం నాకు లేదు."

ఆచార్యులవారు యథాప్రకారం అడిగారు. "నీకు బాగా చేతనైన పని ఏమిటి నాయనా?"

భుజంగరావు సిగ్గుపడ్డాడు. "చెబితే నవ్వుతారు. కారు పైకెత్తి దాని కింద పని చేసుకోవడం."

మేం నవ్వాం. ఆయన కారు మాకందరికీ తెలుసు. రెండే తలుపులు, ఎర్ర రంగు, రోడ్డు మీద పాకుతున్నట్టుండే స్పోర్ట్స్ కారు. పాతది కొని సెలవు రోజులన్నీ ధారపోసి బాగుచేసుకున్నాడు. ఆ బండిలో ఎక్కడం అనకూడదు, చాప మీదికి దిగినట్టు దిగాలి. వీధిలో స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా దాని పొట్ట గీసుకుని మూలిగేది.

"పదండి, చూద్దాం" అని ఆచార్యులవారు లేచారు. అప్పుడే స్నానం చేసి కట్టిన మడిపంచె మీదే ఉన్నారు.

మేం వెళ్ళేసరికి కనకవల్లిగారు, అంటే భుజంగరావు భార్య, వంటింట్లో ఉంది. ఆచార్యులవారు గుమ్మంలోకి వచ్చేసరికి కంగారుపడి పీట వేయబోయింది. "పీట తరవాతమ్మా, ముందు మీ ఆయన పనితనం చూడాలి" అన్నారాయన. "దానిదేముంది స్వామీ, ప్రతి సెలవు రోజూ ఆ గోవర్ధనం ఎత్తుతూనే ఉంటారు. ఇంట్లో పంచదార డబ్బా మాత్రం అలమర మీంచి నేనే దింపుకోవాలి" అంది ఆవిడ. నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు భర్త వైపు తిరగలేదు.

ముందుభాగం కింద ఇనపరేకు ఒకటి ఊడి వేలాడుతోందట. దాన్ని బిగించాలి. భుజంగరావు చొక్కా మార్చుకుని వచ్చాడు. పనిలో దిగాక మనిషే మారిపోయాడు. వీధి వాలుగా ఉంది గనక బండిని పోర్టికోలో చదునైన సిమెంటు నేల మీదికి తెచ్చాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో పెట్టాడు. వెనక చక్రాలకి అటూ ఇటూ చెక్కదిమ్మలు దూర్చి, ఒక్కొక్కదాన్నీ కాలితో తన్ని చూశాడు.

"కొన్న రోజున పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించావు కదా. మళ్ళీ ఈ దిమ్మలెందుకు?" అన్నారు ఆచార్యులవారు.

"అవి దిష్టికి స్వామీ. ఇవి దొర్లకుండా."

జాకీ తెచ్చాడు. మామూలు బండికైతే తిన్నగా దూరుతుంది. ఈ కారు కింద జాకీ తలే పట్టలేదు. దాంతో వెనక దిమ్మలు తీసి, ముందు చక్రాల ముందర పలకలు పరిచి, బండిని మెల్లగా వాటి మీదికి నడిపి, మళ్ళీ బ్రేకు లాగి, దిమ్మలన్నీ మొదటినుంచీ పెట్టుకుంటూ వచ్చాడు. విసుక్కోలేదు. తొందరపడలేదు. టార్చి వేసి, నేల మీద బోర్లా పడుకుని, ఎక్కడ ఎత్తాలో వెతికాడు. రేకు దగ్గర ఎత్తితే నొక్కుకుపోతుందట, బండి ఎముక దొరకాలట. దొరికాక అక్కడ జాకీ ఆనించి, మధ్యలో రబ్బరు ముక్క పెట్టి, కాడ ఊపడం మొదలుపెట్టాడు. ఎర్ర కారు ముక్కు మెల్లగా పైకి లేచింది. ముందు చక్రాలు పలకల్ని వదిలాయి.

"ఆహా, లేచింది!" అన్నారు ఆచార్యులవారు. "ఇంకేం, దూరు కిందకి."

"దూరను స్వామీ."

"నేను చెప్పినా?"

"మీరు చెప్పినా దూరను."

మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆచార్యులవారి మాటకి అడ్డుచెప్పడం ఆ గోష్ఠిలో ఎవరం ఎరగం. ఆయన కనుబొమలు ముడేశారు. "నా మాట మీద గురి లేదన్నమాట."

"మీ మాట మీద ఉంది స్వామీ. జాకీ మీద లేదు."

"గోవర్ధనగిరిని ఎత్తినప్పుడు గోపాలురు ఇలాగే అనుమానపడి బయట నిలబడ్డారా?"

"అది కృష్ణస్వామి చిటికెనవేలు. ఇది బజారులో కొన్న జాకీ" అన్నాడు భుజంగరావు, మొహం తుడుచుకుంటూ. "బండి కింద ఆనించే స్టాండ్లు తెస్తాను, ఒక్క నిమిషం ఆగండి."

ఆయన అటు తిరిగాడు. ఇటు ఆచార్యులవారు ఉత్తరీయం నడుముకి బిగించి, మోకాళ్ళ మీద వంగి, "సరే, నువ్వు దూరకపోతే నేనే చూస్తాను" అంటూ కారు కిందకి తల పెట్టబోయారు.

భుజంగరావు ఎలా వచ్చాడో నాకు తెలియదు. చేతిలో ఇనపస్టాండు నేల మీద పడ్డ చప్పుడు ముందు వినిపించింది. ఆ నల్లటి నూనె చేతులతో ఆచార్యులవారి ముంజేయి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పెద్దాయన వెనక్కి వచ్చి నేల మీద చతికిలబడ్డారు.

"మతిపోయిందా మీకు?" అని అరిచాడు భుజంగరావు. గురువుగారిని! "ప్రాణం పోతుంది!"

"అయ్యో, మడి!" అంది గుమ్మంలోంచి కనకవల్లిగారు.

"మడికి మళ్ళీ స్నానం ఉందమ్మా" అన్నారు ఆచార్యులవారు. ఆయన చూపు కారు మీద ఉంది. మేమూ అటు చూశాం. ఎవరూ తాకలేదు. చప్పుడూ లేదు. కారు ముక్కు దానంతట అదే కిందకి జారుతోంది. అలసిపోయిన మనిషి కుర్చీలోకి దిగినట్టు దిగి, ముందు చక్రాలు మళ్ళీ పలకల మీద కూర్చున్నాయి. ఆ మిగిలిన సందులో మనిషి ఛాతీ పట్టదు.

నారాయణ అనుకున్నాను.

భుజంగరావు ఆశ్చర్యపోలేదు. "లోపల వాషరు పోయి ఉంటుంది. కొత్తదైనా ఇంతే స్వామీ, నమ్మకూడదు. జాకీ ఉన్నది ఎత్తడానికి. ఎత్తి పట్టుకుని ఉండటం దాని పని కాదు" అన్నాడు. పక్కింటికి వెళ్ళి మరో జాకీ అడిగి తెచ్చాడు. మళ్ళీ ఎత్తాడు. ఒక పక్క స్టాండు పెట్టాడు.

"ఒకటి చాలదూ?" అన్నారు ఆచార్యులవారు నేల మీదనుంచి లేవకుండానే.

"చాలదు. రెండు పక్కలా ఉండాలి. ఒకదాని మీద నిలబెడితే పక్కకి ఒరుగుతుంది."

రెండోదీ పెట్టాడు. అప్పుడు జాకీ దింపాడు. బండి బరువు స్టాండ్ల మీద కూర్చుంది. భుజం ఆనించి గట్టిగా ఊపాడు. అటు వెళ్ళి మళ్ళీ ఊపాడు. కదలలేదు. జాకీని బయటికి లాగి గోడ పక్కన పెట్టి, అప్పటికి గాని నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందకి జరగలేదు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పానా తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"జాకీ ఏది నాయనా?" అన్నారు ఆచార్యులవారు.

"తీసేశాను స్వామీ. గోడ దగ్గరుంది" కారు కిందనుంచి మాట.

"తీసేశావా! అయినా బండి పైనే ఉందే?"

"స్టాండ్ల మీద ఉంది కదా స్వామీ."

"ఊఁ. గోష్ఠి అయిపోయి, నువ్వు ఇంటికి వచ్చేశాక, నేనూ ఆ జాకీలాగే గోడ దగ్గరే ఉంటాను."

పానా చప్పుడు ఆగిపోయింది.

ఎదురింటి వాళ్ళ రేడియో వినిపించింది, వంటింట్లో కుక్కరు కూసింది, ఆ కాళ్ళు మాత్రం కదల్లేదు. తరవాత చప్పుడు మళ్ళీ మొదలైంది. రేకు పూర్తిగా బిగించాకే భుజంగరావు బయటికి వచ్చాడు. చేతులు కడుక్కోలేదు. ఆచార్యులవారి వైపు చూడలేదు. తిన్నగా వెళ్ళి వంటింటి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"వల్లీ, నేను తాగుడు మానేస్తున్నాను."

ఆవిడ స్టవ్వు ఆపింది. "ఎన్నోసారి?"

"లెక్క లేదు. ప్రతి ఆదివారం గోష్ఠిలో ఒట్టు పెట్టుకుంటూనే ఉన్నాను."

"ప్రతి ఆదివారమా! నాకెప్పుడైనా చెప్పారా?"

"చెప్పి మళ్ళీ తప్పితే నీ ముందు మొహం ఎలా చూపించను?"

"తప్పినప్పుడల్లా మీరు వచ్చి పడింది ఎవరి ముందు? నా ముందే కదా" అంది ఆవిడ. కన్నీళ్ళు తుడుచుకోలేదు, అలా ధారగా పోనిచ్చింది. "పడ్డాక లేవదీయడానికి నేను కావాలి. నిలబడేటప్పుడు మాత్రం అక్కర్లేదా?"

"కావాలి. అదే చెబుతున్నాను. సాయంత్రం అయ్యేసరికి నాకు ఏదో అవుతుంది. ఆ వేళకి నాతో ఉండు. కారు తాళాలు నీ దగ్గర పెట్టుకో. నేను అరిచినా ఇవ్వకు."

ఆవిడ ఆయన నల్లటి చేతుల్ని చూసింది, పోర్టికోలో కారుని చూసింది. "సరే. ఒక పక్క నేను. రెండు పక్కలా ఉండాలన్నారుగా ఇందాక. రెండో పక్క ఎవరు?"

భుజంగరావు ఫోను తీసి, మా అందరి ముందే, తనని రోజూ సాయంత్రం పిలిచే స్నేహితుడు సర్వేశానికి చేశాడు. స్పీకరు పెట్టాడు.

"ఏరా, పొద్దున్నే గుర్తొచ్చానా!" అన్నాడు సర్వేశం.

"ఒరే, నేను మానేశాను. నన్ను పిలవకు. పిలిచినా రాను. నేనే వస్తే గేటు తియ్యకు."

"ఏమిట్రా, సన్యాసం పుచ్చుకున్నావా?"

"పెళ్ళాం సూట్‌కేసు మంచం మీద ఉందిరా."

"సరే. తియ్యను" అన్నాడు సర్వేశం, ఈసారి వేరే గొంతుతో. తరవాత, "కారు చూడ్డానికైనా రావచ్చా?"

"పగలు రా. కాఫీ ఇస్తారు" అంది కనకవల్లిగారు, ఫోను దగ్గరికి వంగి.

ఆచార్యులవారు మళ్ళీ స్నానం చేసి, వాళ్ళింట్లోనే భోజనం చేశారు. ముంజేతి మీద నూనె పోయింది గాని, ఆ వేళ్ళు నొక్కుకుని కమిలిన గుర్తులు మాత్రం పోలేదు. తరవాతి ఆదివారం గోష్ఠిలో మాకందరికీ కనిపించాయి. భుజంగరావు వాటిని చూసి తల దించుకున్నాడు. "అపచారం స్వామీ" అన్నాడు.

"ఉండనీ. నీకు పట్టుదల ఉందో లేదో అని అడిగావుగా. నొప్పి ఇంకా తగ్గలేదు" అన్నారాయన చెయ్యి నిమురుకుంటూ.

భుజంగరావు నవ్వలేదు. ఆ వారం అంతా నిలబడ్డాడని, ఒక సాయంత్రం తాళాల కోసం నిజంగానే అరిచాడని, ఆవిడ ఇవ్వలేదని తరవాత తెలిసింది. అలిసిపోయిన మొహంతో అడిగాడు: "స్వామీ, ఈ ఆసరాలు ఎన్నాళ్ళు ఉంచాలి?"

"నువ్వు బండి కింద ఉన్నన్నాళ్ళూ" అన్నారు ఆచార్యులవారు, పుస్తకం తెరిచారు.

అంతే కథ. జాకీలూ స్టాండ్లూ మీకు గుర్తుండకపోయినా ఫరవాలేదు. నూనె చేతులు కడుక్కునే దాకా కూడా ఆగకుండా, తన వాళ్ళ ముందు నిలబడి ఆయన నోరు విప్పి చెప్పాడే, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. దేవుడి ముందు మీలో మీరు పెట్టుకున్న ఒట్టు ఏదైనా ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్ళగానే, చెప్పులు విప్పేలోపల, మీరూ ఆ పని చెయ్యండి.