మద్దిచెట్టు నల్లబడ్డ ఎండాకాలం

ఎర్రకోన అడవిలో దుప్పులుండేవి, కుందేళ్ళుండేవి, కంటికి సరిగ్గా ఆనని రెక్కల పురుగులూ ఉండేవి. ఆ పురుగుల్లో ఒక వంశం ఇంటిపేరు కొలతలవారు. వాళ్ళ పిల్లలు నడుస్తుంటే కొమ్మని జానలేసి కొలుస్తున్నట్టే ఉంటుంది మరి.

ఇంటిపేరు ఒకటే గానీ రంగులు వేరు. బూడిదరంగు వాళ్ళది తెల్లమద్ది చెట్టు. నల్లవాళ్ళది నల్లబెరడు తునికి చెట్టు. తెల్లారేలోపు ఎవరి చెట్టుకి వాళ్ళు చేరి, తడిగుడ్డ ఆరేసినట్టు రెక్కలు పరిచి, పొద్దుగూకేదాకా కదలకుండా కూచోవాలి. అప్పుడు మానేదో పురుగేదో తొండకి తెలీదు.

ఒక ఎండాకాలం అడవి అంటుకుంది. మంటయితే ఆరింది గానీ, తెల్లమద్ది మాను నిలువునా నల్లబడిపోయింది.

ఆ చెట్టు మీదే ఉండే బూదమ్మకి కడుపునిండా గుడ్లున్నాయి. మొగుడు చుక్కయ్యతో అంది, "ఇక్కడ కూచుంటే పిండి చల్లినట్టు కనబడతామయ్యా. తునికి చెట్టు వాళ్ళని అడుగుదాం పద."

"ఆ మసి మొహాలనా? మా తాత కూచున్న చోటే ఇది. నేను కదలను."

"మీ తాత కూచున్నప్పుడు చెట్టు తెల్లగా ఉంది కదయ్యా."

"నోరు ముయ్యవే," అని రెక్కలు పరిచాడు చుక్కయ్య.

తెలతెలవారుతుంటే తొండ తలాడించుకుంటూ మానెక్కింది. వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది దానికి. బూదమ్మ ఎగిరిపోయి బతికింది. చుక్కయ్య రెక్క ఒక్కటి గాలికి రాలి కిందపడింది.

దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది బూదమ్మ. కూలబడదామనే అనుకుంది. కడుపులో గుడ్లు గుర్తొచ్చి, తునికి చెట్టు దగ్గరికి ఎగిరింది.

అక్కడ నల్లపురుగు కాటుకమ్మ చూసి, "ఏం వదినా, నిన్నటిదాకా కుంపట్లో బొగ్గులమన్నారు. ఇవాళ చుట్టాలమయ్యామా?" అంది.

"అన్నది మా తప్పే. ఎంత తిట్టినా పడతాను. ఈ గుడ్లని బతకనీ ముందు."

కాటుకమ్మ ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది. "మీ ఆయనేడీ?"

బూదమ్మ నల్లబడ్డ మద్దిచెట్టు వైపు చూసింది.

"సరే, తిట్లు తర్వాత చూద్దాం," అంది కాటుకమ్మ. "మా మాను నీ రంగుకి పనికిరాదు. కింద తెల్లమచ్చల బండుంది చూడు. దాన్ని కరుచుకుని పడుకో. గాలాడినా నువ్వాడొద్దు."

బూదమ్మ బండని అంటుకుపోయింది. మధ్యాహ్నానికి తొండ ఆ బండే ఎక్కింది. తోక ఆమె రెక్క మీదుగా జరజరా పోయింది. బూదమ్మ కదల్లేదు. తొండ తన దారిన దిగిపోయింది.

ఆమె ఆ తునికి చెట్టు కిందే గుడ్లు పెట్టింది. వానలు పడ్డాయి. మద్దిచెట్టు కాలిన బెరడు పొరలుగా ఊడి, లోపల లేత తెలుపు తేలింది, చిగురేసింది. గుడ్లలోంచి వచ్చిన బుల్లి పురుగులు జానలేసుకుంటూ ఆ మద్ది కొమ్మలెక్కుతుంటే, కాటుకమ్మ కింద నిలబడి, "మెల్లగా ఎక్కు, పడతావు," అని కసురుతోంది.

"అమ్మా, నాన్న ఏ చోట కూచునేవాడు?" అనడిగింది ఒక పిల్ల.

బూదమ్మ చోటు చూపించింది. "నువ్వూ కూచో. కాకపోతే రోజూ ముందు చెట్టు రంగు చూసుకుని కూచో తల్లీ."

నీతి: ఉన్న చోటు మారిపోయాక పంతానికి పోతే ప్రాణం పోతుంది, తప్పు ఒప్పుకుని అయినవాళ్ళని అడిగితే వంశం నిలుస్తుంది.