తోడడిగిన గౌరి

అందరును అక్షతలు చేతబట్టి వినుడు. కబుర్లు కథ అయిన తరువాత.

ఒకనాడు పర్ణశీలుడను ముని, శాంతవ్రతుడను పెద్ద మునిని చేరి, "స్వామీ, మీరు చెప్పిన నోములన్నియు ముత్తైదువలకే. ఉన్న తోడు పోగొట్టుకొన్నవారు పట్టదగిన నోము ఒకటైనను లేదా?" అని అడిగెను. శాంతవ్రతుడు గడ్డము నిమురుకొని, ఇన్నాళ్లకు అడుగవలసిన మాట అడిగితివని మెచ్చి, ఇట్లు చెప్పెను.

పూర్వము ఏటి ఒడ్డున గొల్లరేవను పల్లెలో గోమతి అను ఇల్లాలు ఉండెను. ఆమె ఇంటి పెరుగు కత్తితో కోయదగినంత గట్టిగా తోడుకొనెడిది. ఆ తోడు ఆమె అత్తగారైన పేరిందేవి కాపురమునకు వచ్చినప్పుడు పుట్టింటినుండి తెచ్చుకొన్నది. నాటినుండి ఒక్క పూటయు తెగకుండ పెరుగునుండి పాలకు తోడు తీయుచు వచ్చిరి. ఒక శ్రావణమున ఏరు పొంగి ఊరిలోనికి వచ్చెను. గేదెలను విప్పబోయిన గోమతి మగడు తిరిగి రాలేదు. ఇల్లును, ఉట్టిమీది పెరుగుకుండయు కొట్టుకొనిపోయెను.

ఇక్కడ పర్ణశీలుడు అడ్డుపడి, ఆమె ఏ నోము ఉల్లంఘించినందున ఇట్లయ్యెనని అడిగెను. శాంతవ్రతుడు విసుగుకొని, ఆమె ఏ తప్పును చేయలేదనియు, ఏరు తప్పులు వెదకుకొని రాదనియు, మనిషి పోయిన ఇంట అట్టి మాట ఎన్నడును అడుగరాదనియు మందలించెను.

మిగిలినవారు మెరకమీద పాకలు వేసుకొనిరి. బతికిన గేదె ఒకటి పాలిచ్చుచుండెను గాని తోడు లేక పెరుగు లేదు. పేరిందేవికి పెరుగు లేనిదే ముద్ద దిగదు. కొడుకు పోయిన దిగులుకు ఇదియు తోడై ఆమె మంచము పట్టెను. పొరుగువారిని అడుగుదమన్న గోమతికి నోరు రాలేదు. తోడు లేదను మాట నలుగురిలో ఎట్లు పలుకుదునని కుమిలెను. పాలలో చింతపండు పిసికెను, విరిగిపోయెను. నిమ్మరసము పిండెను, అదియు విరిగెను. దినదినము పాలు పారబోయుచు, అత్త చిక్కిపోవుట చూచుచు, ఈమెను కూడ పోగొట్టుకొందునేమోయని భయపడెను.

ఒక సందెవేళ ముదుసలి యొకతె ముంత పట్టుకొని వచ్చి, "అమ్మాయీ, కాస్త తోడుంటే పెట్టు" అనెను.

"నాకే తోడు లేదు అవ్వా" అని గోమతి బావురుమనెను. పలుకజాలనన్న మాట అట్లు నోటివెంట వచ్చెను.

"నాకూ లేదుగా. పద, ఇద్దరం పోయి అడుగుదాం."

ఆ అవ్వ గౌరీదేవియే. ఇయ్యవలసిన తల్లి అడుగ వచ్చుటేమని పర్ణశీలుడు తెల్లబోయెను. శాంతవ్రతుడు నవ్వి కథ సాగించెను.

ఇరువురును కుమ్మరి సింగారమ్మ పాకకు పోయిరి. దీపము పెట్టిన పిదప తోడు ఇయ్యరాదను పట్టింపు కలదు. ఆమె కొంత తటపటాయించి, "ఇల్లే ఏటిపాలైంది, ఇంకా పట్టింపులేంటమ్మా" అని ఇద్దరి ముంతలలోను చెరొక చెంచా పెట్టెను.

గోమతి పాలకు తోడువేసి, తోడుకొన్నదో లేదోయని మాటిమాటికి మూత తీసెను, కుండ కదిపెను. తెల్లవారి చూడగా అవి పాలును గాక పెరుగును గాక ఉండెను. అవ్వ మరల వచ్చి, "కదిపితే ఎలా తోడుకుంటుందే పిచ్చిదానా. వేశావుగా, దాని పని దాన్ని చేసుకోనీ" అని కసిరెను. గోమతి సిగ్గుపడి సింగారమ్మనే మరల అడిగి తెచ్చి, తోడువేసి మూతపెట్టి, చేతులు ఊరకుండక పోగా అత్త కాళ్లు పట్టుచు కూర్చుండెను. పోయినవానిని గూర్చి ఆ అత్తాకోడండ్రు మాటలాడుకొనుట అదియే మొదలు.

మరునాడు పెరుగు గట్టిగా తోడుకొని ఉండెను. ఇది మన ఇంటి రుచి కాదని పేరిందేవి మొగము చిట్లించెను. పిదప ఇంకొక ముద్ద కలుపుమనెను.

అంతలో సింగారమ్మ గుమ్మమున నిలిచి, పిల్లి తన కుండ తన్నిపోయినదని చెప్పి, "వదినా, తోడుందా?" అని అడిగెను. గోమతి బదులు చెప్పకముందే మంచముమీదినుండి పేరిందేవి, "ఉంది, ఉంది. లోపలికి రమ్మను" అనెను.

కావున మగనిని పోగొట్టుకొన్నవారును, బిడ్డను పోగొట్టుకొన్నవారును, ఊరు విడిచి కొత్తచోట దిగినవారును ఈ నోము పట్టవచ్చును. తోడు పొరుగింట అడిగియే తేవలెను, వేసిన పిదప మూత తీయరాదు. ఇట్లు చేసినవారి ఇంట పాడి నిలుచును, మంచము పట్టినవారు లేచి కూర్చుందురు, గుమ్మమున అలికిడి తెగదు. పోయినవారు తిరిగి వత్తురని మాత్రము ముని చెప్పలేదు.

అక్షతలు అమ్మవారిమీద వేయుడు. ప్రసాదము తలా ఒక చెంచా పెరుగు. ఇక్కడ తినక, ఇంటికి పోయి పాలలో వేసుకొనుడు.