నిండిన చెరువు దండోరా

తవ్వకం సొమ్ము మింగేసి, తట్టెడు మట్టైనా తీయని చెరువు నిండి పొర్లుతోందని దండోరా వేయమన్నాడు దివాను భుజంగరావు. డప్పు కొట్టే సుంకన్నకు ఒళ్లు మండిపోయింది. అతని పెళ్లాం రోజూ కోసెడు దూరం నడిచి బిందెడు నీళ్లు తెస్తోంది మరి!

“జనం నమ్మి తీరాలి!” అని దివాను గద్దించాడు.

సొంతూళ్లో ఎవడు నమ్ముతాడు? అందుకని సుంకన్న నీళ్లకు అల్లాడుతున్న పొరుగూళ్లన్నీ తిరిగి చాటాడు. దండోరా వేయించింది ఎవరో, వాళ్లిల్లు ఎక్కడో చివర్లో చెప్పడం ఆనవాయితీ. అదీ చెప్పాడు.

మర్నాడు ఏడూళ్ల జనం గొడ్లను తోలుకొచ్చి, ఎండిన చెరువు చూసి, నేరుగా దివాను లోగిట్లోకొచ్చి నిలబడ్డారు. పొద్దెక్కేసరికి ఆయన పెరటి బావి అడుగంటింది.

“ఎంత పని చేశావురా!” అని దివాను లబలబలాడాడు.

“నమ్మి తీరాలన్నారు, నమ్మారు దొరా. అదంతా అబద్ధమని చాటమంటే ఇప్పుడే పోయి చాటుతాను. చివర్లో మాత్రం తమరి పేరే చెప్పాలి.”