ముగ్గురికి మూడు బొంతలు

అనగనగా, వానలు కొండ దిగిపోగానే చలి గద్దెనెక్కి కూర్చునే దేశం ఒకటి ఉండేది. ఆ దేశపు రాజుగారికి మంచి బళ్ళు చేసే వడ్రంగి కావలసివచ్చాడు. సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి బసవయ్యను పిలిపించుకున్నాడు. బసవయ్య వెంట భార్య నాంచారమ్మా, ముగ్గురు పిల్లలూ కొండెక్కి వచ్చారు.

పిల్లల్లో పెద్దది అలివేలు. నడిమివాడు ఏడుకొండలు. కడగొట్టుది బంగారి.

సముద్రపు ఒడ్డున చలి అంటే అమ్మ కొంగు కప్పుకుంటే తీరిపోయేది. ఇక్కడి చలి వేరు. కార్తీకం రాగానే చెంబులో నీళ్ళు పళ్ళను జివ్వుమనిపించాయి. చుట్టుపక్కల వాళ్ళంతా ఒకటే మాట చెప్పారు.

"మార్గశిరంలో మంచు పడుతుందమ్మా. ఆలోపు పిల్లలకు బొంతలు కుట్టుకో. ఈ కొండ చలి పసివాళ్ళ గుండెలను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు."

అప్పటికే బంగారికి దగ్గు మొదలైంది.

నాంచారమ్మ చేతిపని బాగా తెలిసిన మనిషి. పెట్టె తెరిచి, కట్టీ కట్టీ మెత్తబడిన నూలు చీరలన్నీ బయటికి తీసింది. తనవి నాలుగు, అత్తగారివి రెండు. వాటికి తోడు బసవయ్య పంచెలు మూడు. కొత్త బట్ట బొంతకు పనికిరాదు, ఒంటికి అత్తుకోదు. పాత బట్టే వెచ్చన. చీరలను పొరలు పొరలుగా నేలమీద పరిచింది. ముడతలు పడకుండా నాలుగు మూలలా పచ్చడిబండ, పీట, చెంబు, తిరగలి రాయి బరువు పెట్టింది. సూదిని ఒకసారి కొప్పులో రాసుకుని, నూనె తగిలిన సూది సర్రున దిగుతుంటే, కుట్టడం మొదలుపెట్టింది.

చేయి కుడుతూనే ఉంది కానీ మనసులో ఒకటే గుబులు.

"మన ఊళ్ళో అయితే నాయనమ్మ ఉంటుంది, మేనత్తలు ఉంటారు. ఒకరు కసిరితే ఇంకొకరు బుజ్జగిస్తారు. ఇంత దూరంలో ఈ పిల్లలకు నేనొక్కదాన్నే. నేను తప్పు చేస్తే దిద్దేవాళ్ళు ఎవరున్నారు? ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం పెట్టిందని రేపు నా పిల్లలే నన్ను అంటే?"

అందుకని గట్టిగా అనుకుంది. మూడు బొంతలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు.

పది రోజుల్లో మూడు బొంతలూ తయారయ్యాయి. జానతో కొలిచి చూసింది. అలివేలు బొంత రెండు వేళ్ళు పొడుగు వచ్చింది.

"అయ్యయ్యో, పెద్దదానికే ఎక్కువ పెట్టానంటారు" అని మూడూ విప్పేసింది.

మళ్ళీ కుట్టింది. ఈసారి పొడుగూ వెడల్పూ సరిపోయాయి. కానీ పైన అందానికి వేసిన మిరపపండు రంగు ముక్కలు లెక్కపెడితే, ఇద్దరికి ఏడేసి, ఏడుకొండలుకు ఆరు వచ్చాయి.

"నడిమివాణ్ణి చిన్నచూపు చూశానంటాడు" అని మళ్ళీ విప్పేసింది.

పని నుంచి వచ్చిన బసవయ్య గుమ్మంలో నిలబడి ఆ దారాల కుప్ప చూశాడు.

"ఏమే, కుట్టిందంతా మళ్ళీ విప్పుతున్నావు. బొంతలు కుడుతున్నావా, దారానికి నడక నేర్పుతున్నావా?"

"నవ్వకయ్యా. రేపు పిల్లలు నన్ను పక్షపాతి అంటే, ఆ మాట నువ్వు పడతావా?"

"అనడానికి ముందు వాళ్ళ పళ్ళు టకటకలాడటం ఆగాలి కదే!"

నాంచారమ్మ వినలేదు. మూడోసారి కుట్టింది. పొడుగు సరిపోయింది, ముక్కలు సరిపోయాయి. హమ్మయ్య అనుకోబోయి, ఎందుకైనా మంచిదని కుట్టు వరసలు లెక్కపెట్టింది. నలభై రెండు. నలభై రెండు. బంగారి బొంతకు నలభై ఒకటి.

ఒక వరస చేరిస్తే సరిపోయేదే. కానీ చేరిస్తే ఆ బొంత వరసలు ఇరుకవుతాయి, మిగతావి వెడల్పుగా ఉంటాయి. మూడూ విప్పేసింది.

ఇక మార్గశిరానికి అయిదు రోజులే ఉన్నాయి. పిల్లలు ముగ్గురూ ఒక్క పాత దుప్పటి కిందే పడుకుని, ఇటు లాగితే అటు, అటు లాగితే ఇటు అన్నట్టు ఉన్నారు. బంగారి దగ్గు గొంతులోంచి గుండెల్లోకి దిగింది.

ఆ మధ్యాహ్నం సన్నగా తుంపర పడింది. మందలోంచి ఒక గొర్రె తన మూడు పిల్లలతో పరుగెత్తుకొచ్చి నాంచారమ్మ ఇంటి చూరు కింద నిలబడింది. మూడింటిలో ఒక పిల్ల ఒళ్ళంతా నీళ్ళు కారుతోంది. తల్లి దాన్నే నాకుతోంది, నాకుతూనే ఉంది. మిగతా రెండూ తల్లి పొట్టను తలలతో పొడుస్తూ అరుస్తున్నా పట్టించుకోలేదు.

నాంచారమ్మ చూసీ చూసీ ఉండబట్టలేకపోయింది.

"ఏం తల్లివే నువ్వు! ముగ్గుర్ని కని ఒక్కదాన్నే నాకుతావా?"

ఆ రోజుల్లో గొర్రెలు అడిగినదానికి జవాబు చెప్పేవి. గొర్రె తలెత్తింది.

"గొర్రెకు బుద్ధి ఉండదని మీ మనుషులంటారు. అయినా అడిగావు కాబట్టి చెబుతానమ్మా. ఇది వాగులో పడింది, అవి పడలేదు. మూడింటినీ సమానంగా నాకుతూ కూర్చుంటే ఇది కొయ్యబారిపోతుంది."

"మరి ఆ రెండూ అలిగితే?"

"అలుగుతాయి. అలిగిన పిల్ల గడియ తర్వాత గంతులేస్తుంది. చలి పట్టిన పిల్ల వెయ్యదు."

"గుర్తుపెట్టుకుంటే?"

"రేపు వాటిలో ఒకదాని కాలికి ముల్లు దిగుతుంది. అప్పుడు దాని కాలే నాకుతాను. అదీ గుర్తుంటుంది కదమ్మా!" అని గొర్రె ఒక్క క్షణం ఆగి అడిగింది. "ఇంతకీ నీ పిల్లల్లో తడిసింది ఎవరు?"

నాంచారమ్మ లోపలి దారాల కుప్ప వైపు చూసింది. ఏ బొంతకు ఎన్ని వరసలో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. తన పిల్లల్లో ఎవరికి ఎక్కడ చలివేస్తుందో ఆమెకు తెలియదు.

మర్నాడు కోడి కూయగానే లేచి పిల్లల పక్కన కూర్చుంది. అలివేలు నిద్రలో దొర్లి దొర్లి, దుప్పటి దాటి వట్టి నేలమీదికి వచ్చేసింది. ఏడుకొండలు ఒళ్ళు వెచ్చగానే ఉంది కానీ పాదాలు రాతి పలకల్లా ఉన్నాయి. బంగారి దారపు ఉండలా ముడుచుకుని, రెండు చేతులూ గుండెలకు హత్తుకుని దగ్గుతోంది.

నాంచారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని సూది అందుకుంది.

ఈసారి జానతో కొలవలేదు. అలివేలుకు ఎంత దొర్లినా దాటలేనంత వెడల్పుగా, రెండు పొరలతో పలచగా కుట్టింది. ఏడుకొండలుకు కాళ్ళ వైపు బట్టను మడిచి, రెండు పాదాలూ దూరేటట్టు సంచిలా కుట్టింది. బంగారికి పొట్టి బొంత, కానీ గుండెల మీదికి వచ్చేచోట ఆరు పొరలు. నాలుగో రోజు సాయంత్రం చివరి ముడి వేసింది. అయిదో రోజు మంచు పడింది.

బొంతలు చూడగానే పిల్లలు మీద పడ్డారు. ఆమె భయపడ్డదంతా జరిగింది.

"బంగారిదే దళసరి!" అన్నాడు ఏడుకొండలు.

"అన్నయ్యదానికి సంచి ఉంది!" అంది బంగారి.

"నాది పల్చగా ఉందేంటమ్మా, పెద్దదాన్నని చెప్పి!" అంది అలివేలు.

'అన్నీ ఒకటేనర్రా' అనే అబద్ధం నాంచారమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నిజమే, మూడూ ఒకటి కావు. మీరు ముగ్గురూ ఒకటి కాదు గనక. నమ్మకం లేకపోతే మార్చుకుని పడుకోండి, నేను వద్దనను."

ఆ మధ్యాహ్నమే మార్చుకున్నారు. బంగారి బొంతలో దూరిన అలివేలు కాసేపటికే చెమటలు కక్కుతూ లేచింది. "అమ్మో, నన్ను కుంపట్లో పెట్టినట్టుంది!" అక్క బొంత కప్పుకున్న ఏడుకొండలు పాదాలు రుద్దుకుంటూ, "ఇదెంత పెద్దదైనా నా కాళ్ళు దీనికి కనబడటం లేదు" అన్నాడు. అన్నయ్య సంచిలో కాళ్ళు పెట్టిన బంగారి లేవబోయి బోర్లాపడి, "నా కాళ్ళు కట్టేశారూ!" అని రాగం తీసింది.

ఎవరి బొంత వాళ్ళు లాక్కున్నారు. సాయంత్రం దాకా ఇంట్లో చప్పుడు లేదు. ముగ్గురూ నిద్రపోయారు. చాలా రోజుల తర్వాత బంగారి దగ్గకుండా నిద్రపోయింది.

మిగిలిన ముక్కలతో నాంచారమ్మ బడికి సంచులు కుట్టాలనుకుంది. ఈసారి ముందే అడిగింది. "చెప్పండర్రా, సంచుల్లో ఏం పెట్టుకుంటారు?" అలివేలు తాటాకు పుస్తకాలు పట్టే పొడుగు సంచి కావాలంది. ఏడుకొండలు రాళ్ళు ఏరుకొస్తాను, అడుగు గట్టిగా ఉండాలన్నాడు. బంగారి చాలాసేపు ఆలోచించి, చిన్నదైనా సరే, మెడలో వేసుకునేది కావాలంది.

"మరి నాకో?" అన్నాడు బసవయ్య.

"నీకేం కావాలో చెప్పు, కుడతాను. అందరిలాంటిదే కావాలని మాత్రం అడక్కు" అని నాంచారమ్మ నవ్వింది.

అందుకే పెద్దలంటారు: అందరికీ ఒకే కొలత కొలిచి ఇచ్చేది వట్టి జాన లెక్క, ఎవరికి ఎక్కడ చలివేస్తుందో చూసి ఇచ్చేదే అసలైన సమానం.